అత్తమ్మ మార్చనివ్వని క్లచ్

మా మేనత్త పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది ఇంటివాళ్లు కాదు, మొయినాబాద్‌లో రోడ్డు పక్కన జామకాయలు అమ్మే మనిషి. అక్కడి ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం. చేవెళ్ల నుంచి వచ్చి బస్సు దిగానో లేదో, అతను బండి వదిలేసి ఎదురొచ్చాడు. "మేడం, సిస్టరమ్మ పోయిందట, నిజమేనా?" అని అడిగాడు. ముఖంలో బాధ లేదు. నమ్మాలో వద్దో తేల్చుకోలేక అడుగుతున్నట్టుంది. అడుగుతూ అడుగుతూ, తనకు తెలియకుండానే తుంటి రుద్దుకున్నాడు. చిన్నప్పుడు చేవెళ్ల దవాఖానలో నర్సుగా ఉన్న ఆమె చేతి సూది తిన్నవాడే అయి ఉంటాడు.

ఇంతలో బాపు ఫోను వచ్చింది. "పొద్దుగాల చాయ్ తాగిందట బిడ్డా. కప్పు కడిగి బోర్లిచ్చిందట. కుర్చీల కూసున్నది, గంతే," అన్నాడు. ఆ తర్వాత కూడా ఫోను పెట్టెయ్యలేదు.

సమాధుల తోట దగ్గర అందరూ ఆమెను మంచి మనిషి అన్నారు. పాస్టరు గారు లోకానికి దీపం అన్నారు, ఉప్పు అన్నారు. బతికుండగా ఆమె ముందు ఆ మాటలంటే, "నీకు జ్వరమొచ్చిందా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. మా అత్తమ్మ మంచిది కాదు. చేతికి మంచిది, నోటికి చెడ్డది. ఆ సంగతి ఆమే చెప్పేది: "దేవుడు నాకు నోరిచ్చిండు, చేతులిచ్చిండు. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఊకోదు."

దవాఖానలో సూది చూసి ఏడ్చే పిల్లలను ఆమె ఎప్పుడూ ఊరుకోబెట్టలేదు. "ఏడువు. మొత్తం ఈడనే ఏడ్చిపో, ఇంటికి తీస్కపోకు," అనేది. రిటైరయ్యాక కూడా ఆమె చీర దగ్గర స్పిరిట్ వాసన వచ్చేది. శనివారం సాయంత్రం కత్తెరలు, చిమటాలు వేడినీళ్లలో మరగబెట్టుకునేది. నాకు ఉద్యోగం వచ్చిందని మిఠాయి తీసుకుపోతే, "కుర్చీల కూసుండుడు గూడ పనేనా?" అని, మొత్తం డబ్బా తనే ఉంచుకుంది.

మా అమ్మ పోయినప్పుడు నేను బడికి పోయే పిల్లను. వచ్చినవాళ్లందరూ నన్ను దగ్గరికి తీసుకుని ఏడ్చారు. అత్తమ్మ తీసుకోలేదు. కార్యం అయిన మరునాడు నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసి బడికి పంపింది. ఆ జడ ఎంత బిగించి వేసిందంటే సాయంత్రం దాకా నుదురు లాగుతూనే ఉంది, నాకు వేరే ఏదీ తలచుకునే వీలు దొరకలేదు. ఆ ఏడాదంతా అట్లాగే వేసింది. నన్ను బతికించింది ఆ జడ అని ఇప్పుడు అనుకుంటాను, అప్పుడు మాత్రం ఆమెను శపించుకున్నాను.

ఆమె పెండ్లి సంగతి కూడా చెప్పాలి. పెండ్లయిన కొన్నేళ్లకు ఆమె భర్త మొయినాబాద్ దగ్గరి సురంగల్‌లో ఇంకొక ఆమెతో కాపురం పెట్టాడు. అత్తమ్మ ఏడవలేదని చెప్పుకుంటారు. ఆయన బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, మూట కట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. మా బాపు మాత్రం ఊరుకోలేదు. నలుగురిని వెంటబెట్టుకుని సురంగల్ పోయి ఆ వాకిట్లో నిలబడి, "ఈ ఇంట్ల మా ఇంటి మనిషి అడుగు పెడితే నా పేరు మార్చి పిలువుండ్రి," అని వచ్చాడు. అక్కంటే ఆయనకు ప్రాణం. ఆ మాటను జీవితమంతా బంగారంలా దాచుకున్నాడు.

చాలా ఏళ్లకు ఆ భర్త పోయాడు. ఆ తర్వాత సురంగల్ ఆమెకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. పిల్లలు లేరు. ఆమె తమ్ముడి భార్య అన్నం తినిపించేది కానీ, మంచంలో ఒరుసుకుని మడమకు పడిన పుండును ముట్టేది కాదు. ఈ సంగతి అత్తమ్మకు ఎవరు చెప్పారో తెలియదు. ఒక ఆదివారం చర్చి అవగానే దూది, మందు, కత్తెర సంచిలో వేసుకుని, తన కారు తీసుకుని సురంగల్ పోయింది. మరుసటి ఆదివారం నన్నూ ఎక్కించుకుంది.

"ఎందుకు పోతున్నవ్ అత్తమ్మా?" అని అడిగాను.

"దానికి చెప్పాల్సిన మాటలు చానా ఉన్నయ్. ఇన్నేండ్ల సంది జమ చేసి పెట్టిన. ఇప్పుడైతే లేచి ఉరకలేదు," అంది.

నిజంగానే చెప్పింది. సవతిని గోడవైపు ఒత్తిగిలించి, మడమ కట్టు విప్పుతూ మొదలుపెట్టింది. "ఏమే, నా మొగన్ని గుంజుకున్నప్పుడు ఈ కాలు మస్తు ఉరికింది గదా. ఇప్పుడేమైంది? లేపు. లేపు జర." ఆమె చేతులు పుండు చుట్టూ చచ్చిన చర్మాన్ని కత్తిరిస్తూనే ఉన్నాయి, నోరు ఆయనతో గడిపిన ఒక్కొక్క ఏడాదినీ లెక్క అడుగుతూనే ఉంది. దూదితో గట్టిగా తుడిచేది, పుండు కింద ఎర్రగా కనబడేదాకా. ఆ మనిషి పళ్లు బిగబట్టి, "అవునక్కా, అవునక్కా," అంటూ పడుకుంది. నేను చూడలేక బయటికొచ్చి నిలబడ్డాను. అయితే వారం వారం ఆ పుండు చిన్నదవుతూ వచ్చింది.

అత్తమ్మ కారు ఆటోమేటిక్. ఆమె ఎడమ మోకాలు అరిగిపోయింది, అందుకని ఎడమ కాలితో తొక్కాల్సిన క్లచ్ లేని బండి చూసి కొనుక్కుంది. "నాతోపాటు నా ఎడమ కాలు గూడ రిటైరైంది," అనేది. ఆ కారుంటే ఆమె ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆమె సురంగల్ పోవడం గురించి చేవెళ్లలో జనం మాట్లాడుకుంటున్నారని, చర్చి సంఘ పెద్దగా తాను తలెత్తుకోలేకపోతున్నానని బాపు ఎంత మొత్తుకున్నా, తాళంచెవి ఆమె చేతిలో ఉంది కాబట్టి ఆ గొడవ అక్కడితో ఆగేది.

ఒక రోజు చేవెళ్ల దాటగానే ఆ బండి గేర్‌బాక్స్ పోయింది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. కొత్త ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేయించేకన్నా ఇంకో కారు కొనుక్కోవడం నయమని అందరూ అన్నారు. మొయినాబాద్‌లో షెడ్డు నడిపే మెకానిక్ ఒకాయన, అదే కంపెనీ మాన్యువల్ బండి గేర్‌బాక్స్ తుక్కులో దొరికింది, క్లచ్ పెడల్ పెట్టి మార్చేస్తాను, దాన్నే కన్వర్షన్ అంటారు అన్నాడు. ఆ పనంతా దగ్గరుండి చేయిస్తానని బాపు ముందుకొచ్చాడు. ఆయన అంత ఉత్సాహంగా ఏ పనికీ ముందుకు రాగా నేను చూడలేదు.

బండి ఇంటికొచ్చింది. అత్తమ్మ ఎక్కి క్లచ్ తొక్కింది. సగం కూడా దిగలేదు. మళ్లీ తొక్కింది. మోకాలు పట్టుకుని బాపు వైపు చూసింది.

"ఇదేందిర, బండను తొక్కినట్టున్నది?"

"కన్వర్షన్ చేసినంక గట్లనే ఉంటదట అక్కా," అన్నాడు బాపు. గొంతులో ఎంత సానుభూతి ఉందో చెప్పలేను.

అయినా ఆమె నడిపింది. ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టి, చేత్తో కాలిని, కాలితో పెడల్‌ను కిందికి నెట్టేది. మొయినాబాద్ చౌరస్తాలో బండి ఆగిపోయేది. వెనక మెహదీపట్నం బస్సు హారన్ కొట్టేది, దాని వెనక కాలేజీ బస్సులు, ఫామ్‌హౌస్ పెండ్లిళ్లకు పోయే పెద్ద పెద్ద కార్లు. ఒకసారి ఎవరో అద్దం దించి, "ఇంట్ల కూసోక ఎందుకు ముసలమ్మా?" అన్నాడు. ఆమె నొప్పికి పెదవి కొరుక్కుని ఉంది. ఆమె నోరు మూసుకుని ఉండగా నేను చూడటం అదే మొదలు, నాకు ఆ మనిషిని చంపాలనిపించింది.

మోకాలు వాచి, ఒక ఆదివారం ఆమె సురంగల్ పోలేకపోయింది. ఆ మధ్యాహ్నం బాపు మటన్ తెచ్చి, దగ్గరుండి వండించి, గిన్నెలో పెట్టుకుని ఆమె ఇంటికి పోయాడు. "ఇగ ఇడిచిపెట్టక్కా. వయసైంది. ఎవరి కర్మ వాళ్లది," అన్నాడు. ఈస్టరు నాడు కూడా ఆయన ముఖం అంత ప్రశాంతంగా ఉండదు.

అత్తమ్మ ఎముక నములుతూ, ఆయన ముఖాన్నే చూస్తూ విన్నది. రెండు రోజుల తర్వాత నన్ను లీవు పెట్టమని చెప్పి షెడ్డుకు తీసుకుపోయింది.

మెకానిక్ లేచి స్టూలు వేశాడు. ఆమె కూర్చోలేదు. "ఈ పెడల్ తొక్కితే లోపట నూనెను తోసేది ఒకటుంటదంట గదా, సిరంజి లెక్క?"

"సిలిండర్ అంటరు సిస్టరమ్మా."

"ఏదో ఒకటి. లావు సిరంజితోని మందు ఎక్కిస్తే బొటనవేలు నొస్తది. సన్నదానితోని అలుకగ పోతది. నువ్వు లావుది పెట్టినవా, సన్నదా?"

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు. "లావుదే. గూడ్స్ బండిది. ఆ రోజు చేతికి గదే దొరికింది. నీ బండికి రావాల్సింది తర్వాత వచ్చింది. మారుస్తనని ఫోన్ గూడ చేసిన. మీ తమ్ముడే..."

"మా తమ్ముడే?"

"'అట్లనే ఉండనియ్యి, మెత్తగైతే అక్క మల్ల సురంగల్‌కే పోతది' అన్నడు. పెద్దమనిషి, నేనేం జెప్త?"

అత్తమ్మ మంచినీళ్లడిగింది. గ్లాసు మొత్తం తాగింది. "గంట పని సిస్టరమ్మా, ఇప్పుడే మార్చేస్త," అని అతను పానా అందుకున్నాడు.

"ముట్టకు," అంది. "నేనొచ్చినట్టు వానికి చెప్పకు. నువ్వు గూడ," అని నా వైపు తిరిగింది.

తిరుగు దారిలో, మోకాలి మీద చెయ్యి పెట్టి క్లచ్ తొక్కుతూ, ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను. "అత్తమ్మా," అన్నాను. "కాలు నొస్తే కండ్లల్ల నీళ్లొస్తయ్. నర్సును, నాకు తెల్వదా?" అంది.

ఆదివారం వచ్చింది. మా చర్చిలో పాస్టరు గారి వాక్య ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు తమకు చేసిన మేలును లేచి అందరి ముందూ చెప్పుకుంటారు. అత్తమ్మ ఎప్పుడూ లేవదు. ఆ రోజు లేచింది, కుర్చీ పట్టుకుని నిలబడింది.

"అందరికి వందనాలు. సురంగల్‌ల మంచానబడ్డ ఒక మనిషికి మందు పెట్టే పని దేవుడు నాకిచ్చిండు. ఆ మనిషెవరో మీకందరికి ఎరుకే. నా కాలు పోయింది, ఇగ పోలేనని ఏడ్చిన. గప్పుడు నా తమ్ముడొచ్చి, 'అక్కా, ఫికర్ చెయ్యకు, ఆదివారం ఆదివారం నేనే తీస్కపోత,' అన్నడు. ఆ ఇంటి గడప తొక్కనని ఒకప్పుడు ఒట్టు పెట్టుకున్న మనిషి. అసుంటి మనసు దేవుడు మీ తమ్ముళ్లకు గూడ ఇయ్యాలె."

చర్చి మొత్తం స్తోత్రం అంది. పాస్టరు గారు కిందికి దిగివచ్చి బాపు చేతులు పట్టుకున్నారు. వెనక వరుసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. బాపు ముఖం గోడకున్న సున్నంలా అయింది. ఆరాధన అయ్యాక, అందరూ చూస్తుండగా, అత్తమ్మ ఆయన చేతిలో తాళంచెవి పెట్టింది.

"చర్చిల నిలబడి అబద్ధమాడినవ్ గదా?" అని తర్వాత చెవిలో అడిగాను.

"ఆడిన. వాడు నాతోని ఆడిండు, నేను దేవునితోని ఆడిన. నాదే పెద్దది," అంది తృప్తిగా.

అట్లా మొదలైంది. వానలు పడ్డ రోజుల నుంచి చలి వదిలేదాకా ప్రతి ఆదివారం బాపు ఆ క్లచ్ తొక్కాడు. నేను వెనక సీట్లో కూర్చుని చూశాను. అత్తమ్మ ఆయన పక్కన కూర్చుని, అడుగడుగునా ఆపించేది. "తమ్మీ, ఆపు, టమాటలు మంచిగున్నయ్." ఆయన తొక్కి ఆపేవాడు. ఆమె అద్దంలోంచి చూసి, "వద్దులే, పుచ్చులున్నయ్, పో," అనేది. ఆయన మళ్లీ తొక్కేవాడు. చౌరస్తాలో రద్దీ ఉంటే ఆమె ముఖం వెలిగిపోయేది. సాయంత్రం బాపు కుంటుతూ ఇంటికొస్తే ఆమే నూనె వేడి చేసి తెచ్చి మోకాలు మర్దన చేసేది, బొటనవేలితో కీలు సందులో నొక్కి పట్టి. "నొస్తున్నదార? ఏం జేస్తం, కన్వర్షన్ చేసినంక గట్లనే ఉంటదట," అనేది. మెత్తగా చేయించుకుందామని బాపు ఒక్కసారి కూడా అనలేకపోయాడు. అంటే, ఇన్నాళ్లూ ఎందుకు చేయించలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ఉచ్చు ఆయన స్వయంగా పేనుకున్నదే.

మొదట్లో ఆయన కారులోనే కూర్చునేవాడు. మూడు నాలుగు వారాలకు అత్తమ్మ లోపలి నుంచి పిలిచింది. "ఒచ్చి కాలు పట్టు. ఈ పిల్లకు చేతులు వణుకుతున్నయ్." నా చేతులు వణకడం లేదు. ఒట్టు పెట్టుకున్న గడప దాటి బాపు లోపలికొచ్చి, సవతి మడమను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఆ మొదటి రోజు పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. అత్తమ్మ తుడుస్తూ ఇద్దరినీ కలిపి తిట్టింది. "అన్నా, చాయ్ తాగుతవా?" అని ఆ మనిషి గోడవైపు నుంచే అడిగింది. ఆ నెలలన్నిటిలో ఆయన ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

అత్తమ్మది క్షమ అని కొందరు ఇప్పుడు అంటున్నారు. నేను చూసినంతలో ఆమె ఎవరినీ క్షమించలేదు. తనను ముంచినవాళ్లను ఇద్దరినీ ఒక గదిలోకి తెచ్చి, వాళ్ల చేత పని చేయించుకుంది, పని చేసిపెట్టింది. దానికి వేరే పేరు నాకు తెలియదు. ఆమె దగ్గర పెరిగినందుకు మాత్రం సంతోషపడతాను, భయపడుతూనే సంతోషపడతాను.

ఆమెను మట్టిలో పెట్టిన తర్వాత, ఆ శనివారం బాపు కారు తీశాడు. "నువ్వు నడుపుదువుగాని బిడ్డా, క్లచ్ మెత్తగ చేయిస్త," అన్నాడు. మాట చాలా మామూలుగా అన్నాడు. ఇద్దరం మొయినాబాద్ షెడ్డుకు పోయాం.

మెకానిక్ లోపలికి పోయి ఒక అట్టపెట్టె తెచ్చి, మీది దుమ్ము ఊదాడు. "ఇది తెచ్చి మస్తు దినాలైంది సార్. సిస్టరమ్మనే మార్చొద్దన్నది."

"అక్కనా? అక్కకేం తెలుసు?"

మెకానిక్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "అంతా తెలుసు సార్. మీరు వద్దన్నరని గూడ నేనే చెప్పిన. మనిషి పోయింది, ఇప్పుడు దాసి ఏం లాభం?"

"ఎప్పుడు?" అన్నాడు బాపు.

"మీరు సురంగల్ పోవుడు షురు చెయ్యకముందే."

బాపు అక్కడ పడి ఉన్న పాత టైరు మీద కూర్చున్నాడు. టమాటలు, చౌరస్తా, నూనె మర్దన, కాలు పట్టడం, అన్నీ వరుసగా ఆయన ముఖం మీద కనబడ్డాయి. తిడుతుందని చూస్తే ఎదురుగా మనిషి లేదు. తప్పయిందని చెప్పుకోవడానికీ లేదు. మెకానిక్ పానా పట్టుకుని, "మార్చమంటరా సార్?" అని అడిగాడు. బాపు లేచి, కారులో కూర్చుని, క్లచ్ నేల దాకా తొక్కి పట్టాడు. తొడ వణికేదాకా అట్లాగే పట్టి ఉంచాడు. తర్వాత గేరు వేసి, అదే క్లచ్‌తో ఇంటికి తీసుకొచ్చాడు.

మరునాడు చర్చి అయ్యాక ఎవరూ చెప్పకుండానే సంచి తీసుకుని కారెక్కాడు. దారిలో ఎక్కడా ఆపలేదు.

సురంగల్‌లో ఆమె తమ్ముడి భార్య వాకిట్లోకి ఎదురొచ్చి, నోటి మీద వేలు పెట్టుకుంది. "అక్క పోయిన సంగతి చెప్పలే అన్నా. చెప్తే అన్నం ముట్టదు," అని గుసగుసగా అంది. కారు చప్పుడు వినగానే మంచంలోని ఆమెను గోడవైపు ఒత్తిగిలించి, మడమ బయటికి పెట్టి ఉంచింది.

"అక్కా, పోయిన వారం సంది సలుపుతున్నది," అంది ఆ మనిషి గోడతోనే.

బాపు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కట్టు విప్పాడు. మా అత్తమ్మ చేతులు చేయగా ఇన్ని నెలలు చూసిన పనే, ఒక్కొక్కటే గుర్తుతెచ్చుకుంటూ చేశాడు. దూది మందులో ముంచి, పుండు అంచున ఆనీ ఆనకుండా తుడిచాడు.

"ఏమన్న అనవేందక్కా?"

బాపు మళ్లీ తుడిచాడు, ఇంకా మెల్లగా.

తర్వాత ఆమె బాగున్న భుజం అదరడం మొదలైంది. "ఇది అక్క చెయ్యి కాదు. అక్క ఇంత మెత్తగ తుడ్వది," అంది. బాపు దూదిని మళ్లీ మందులో ముంచాడు, అదే ఆమెకు జవాబైంది. చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, గోడ వైపే చూస్తూ, "జర గట్టిగ తుడువన్నా," అంది.

బాపు చెయ్యి మడమ మీద ఆగిపోయింది. పిండిన దూదిలోంచి ఎర్రమందు కారి, ఆయన మణికట్టు మీదుగా, ఆదివారం తెల్లచొక్కా మడతలోకి పోతూ ఉంది.